వదలని మోకాలి నొప్పి: ఏది ముందు, ఏది తర్వాత

మోకాలి నొప్పి ఆరు వారాలు దాటినా తగ్గడం లేదంటే ముందు కావాల్సింది ఎక్స్‌రే కాదు, ఒక కాగితం. నొప్పి ఎక్కడ వస్తోంది, ఏం చేస్తే పెరుగుతోంది, పొద్దున లేవగానే ఎంతసేపు బిగుసుకుని ఉంటోంది, వాపు వచ్చిపోతోందా, ఇప్పటిదాకా ఏ మాత్ర ఎన్నాళ్లు వాడారు. ఈ అయిదూ రాసుకుని వెళ్తే డాక్టరు దగ్గర దొరికే కాస్త సమయం అక్కరకొస్తుంది. లేకపోతే మనం "మోకాళ్లు నొప్పులండీ" అంటాం, ఆయన ఎక్స్‌రే రాస్తారు, "గుజ్జు అరిగింది" అంటారు. గ్యాస్ మాత్రతో కలిపి ఒక నొప్పి మాత్ర చేతికొస్తుంది. మూడు నెలల తర్వాత మళ్లీ అదే వరస, కాకపోతే ఈసారి ఇంకో డాక్టరు.

ముందు ఇవి కాదని తేల్చుకోండి

కొన్ని నొప్పులకు ఇంట్లో ప్రయోగాలు పనికిరావు. మోకాలు ఎర్రబడి, ముట్టుకుంటే కాలుతూ, జ్వరం కూడా ఉంటే కీల్లో చీము పట్టి ఉండొచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. రెండు మూడు రోజులు ఆలస్యమైనా కీలు దెబ్బతింటుంది. షుగరున్నవాళ్లు, ఈ మధ్యే మోకాల్లో ఇంజెక్షన్ చేయించుకున్నవాళ్లు మరీ జాగ్రత్తపడాలి. పడిన తర్వాత నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ఎముక విరిగిందేమో చూడాలి. మోకాలు సగంలో పట్టేసి, చాపుదామన్నా చాపలేకపోతే లోపల మెనిస్కస్ (రెండు ఎముకల మధ్య ఉండే మెత్తటి పట్టీ) ముక్క అడ్డుపడి ఉండొచ్చు. పిక్క ఒక్కటే వాచి బరువెక్కితే రక్తం గడ్డ కట్టిందేమో చూపించుకోవాలి. పిల్లలు, టీనేజీ వాళ్లు రాత్రిపూట నిద్రలోంచి లేచి ఏడ్చేంత నొప్పి అంటుంటే "ఎదిగే వయసు నొప్పులు" అని సరిపెట్టొద్దు. ఎక్స్‌రే తీయించండి.

పొద్దున బిగుతు సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. అరుగుదల వల్ల వచ్చే బిగుతు అరగంటలోపు వదులుతుంది. గంట దాటినా వదలకుండా, చేతివేళ్ల కీళ్లు కూడా వాస్తుంటే అది రుమటాయిడ్ లాంటి వాపు జబ్బు కావచ్చు. అప్పుడు వెళ్లాల్సింది ఎముకల డాక్టరు దగ్గరికి కాదు, కీళ్లవాపు జబ్బులు చూసే రుమటాలజిస్టు దగ్గరికి. ఆ జబ్బుకు మందు తొందరగా మొదలుపెడితేనే కీళ్లు నిలబడతాయి. రాత్రికి రాత్రి మోకాలు వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి వస్తే గౌటు, అంటే యూరిక్ యాసిడ్ కీళ్లలో పేరుకునే జబ్బు అనుకోవాలి. అయితే గౌటు పోటు నడుస్తున్నప్పుడు రక్తంలో యూరిక్ యాసిడ్ మామూలుగానే కనిపించొచ్చు. కాబట్టి ఆ ఒక్క రిపోర్టు చూసి గౌటు కాదనుకోకూడదు. అనుమానముంటే కీల్లోంచి నీరు తీసి పరీక్షించాలి.

మన ప్రాంతంలో అడగాల్సిన ప్రశ్నలు ఇంకో రెండున్నాయి. ఏడాదిలోపు చికున్‌గున్యా వచ్చిందా? ఆ జ్వరం పోయినా కీళ్ల నొప్పులు నెలల తరబడి ఉంటాయి. 2006లో రాయలసీమలో ఇంటింటా చూసినదే అది. రెండోది, నల్గొండ, ప్రకాశం జిల్లాల్లోని ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగారా? ఫ్లోరోసిస్‌లో మోకాలితో పాటు నడుము, మెడ కూడా బిగుసుకుంటాయి. కొందరికి కాళ్లే వంకరపోతాయి. మోకాలికి మాత్రమే వైద్యం చేస్తే అసలు జబ్బు అలాగే మిగిలిపోతుంది.

నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించండి

కుర్చీలో కూర్చుని మోకాలు వంచండి. మోకాలి చిప్ప కింద మధ్యలో తాడులాంటి గట్టి పట్టీ తగులుతుంది. దానికి రెండు పక్కలా రెండు గుంటలుంటాయి. లోపలివైపు గుంటలో వేలు పెట్టి అలాగే పక్కకు జరుపుతూ వెళ్తే రెండు ఎముకల మధ్య సన్నటి గాడి తెలుస్తుంది. అదే కీలు గీత. నొప్పి ఆ గీత మీద ఉందా, పైనా, కిందా అన్నదాన్ని బట్టి సగం జబ్బు తేలిపోతుంది.

లోపలివైపు గీత మీద నొక్కితే నొప్పి, నలభై అయిదు దాటిన వయసు, నడిస్తే ఎక్కువ, కూర్చుంటే తక్కువ. మనవాళ్లలో ఎక్కువమందికి ఉండేది ఇదే, అరుగుదల. కాళ్లు కాస్త దొడ్డికాళ్లయితే బరువంతా లోపలి సగం మీదే పడుతుంది కాబట్టి అక్కడే ముందు అరుగుతుంది. అదే లోపలివైపున గీతకు నాలుగైదు సెంటీమీటర్లు కింద, ఎముక మీద నొక్కితే ప్రాణం పోయినట్టుంటే అది కీలు లోపలి నొప్పి కాకపోవచ్చు. అక్కడ కండరాల చివరలు ఎముకకు అతుక్కునే చోట ఒక చిన్న నీటితిత్తి ఉంటుంది, అది వాచినా ఇలాగే ఉంటుంది. ఎక్స్‌రేలో అరుగుదల కనిపించింది కదా అని దీన్ని కూడా అరుగుదల ఖాతాలో వేసేస్తుంటారు. దానికి వైద్యం చాలా తేలిక.

ముందువైపు, చిప్ప చుట్టూ నొప్పి, మెట్లు దిగుతుంటే, సినిమా హాల్లో మూడు గంటలు కూర్చుని లేస్తుంటే ఎక్కువ. ఇది చిప్ప, తొడ ఎముక రాసుకునే చోట వచ్చే నొప్పి. వయసులో ఉన్నవాళ్లకు, అందులోనూ ఆడవాళ్లకు, తరచుగా వస్తుంది. తొడ కండరం, పిరుదు కండరం బలపడితే చాలావరకు దారికొస్తుంది. వాలీబాల్, ఖోఖో ఆడే పిల్లలకు చిప్పకు కింద ఎముక మీద బొడిపెలా లేచి నొప్పి పెడితే కంగారు అక్కర్లేదు, ఆట తగ్గిస్తే ఎదుగుదల ఆగేసరికి సర్దుకుంటుంది. వెనకవైపు మడతలో నిమ్మకాయంత ఉబ్బు ఉంటే అది కీల్లోని నీరే వెనక్కి చేరడం. పెద్దవాళ్లలో దాన్ని కోసి తీయడం కంటే నీరు ఎందుకు చేరుతోందో చూడటం ముఖ్యం.

ఎప్పుడో కబడ్డీలోనో బైకు మీంచి పడినప్పుడో గంటల్లో మోకాలు వాచి, తర్వాత వాపు పోయినా పక్కకు తిరిగినప్పుడల్లా మోకాలు జారిపోతున్నట్టు అనిపిస్తుంటే లిగమెంటు (ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీ) తెగి ఉండొచ్చు. ఎమ్మారై నిజంగా పనికొచ్చేది ఇలాంటి చోట.

మోకాలి మీద ఎక్కడ నొక్కినా నొప్పి లేదు, కానీ నడిస్తే నొప్పి. అలాంటప్పుడు తుంటి కీలు చూడాలి. గజ్జల్లో పట్టేసి, కాలు లోపలికి తిప్పలేకపోతుంటే తుంటి జబ్బు మోకాలి నొప్పిగా కనిపిస్తోందన్నమాట. నడుము నుంచి జివ్వుమని దిగే నొప్పయితే వెన్ను చూడాలి.

ఎక్స్‌రే నిలబడే తీయించుకోవాలి

పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఎముకల మధ్య సందు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. బరువు పడితేనే సందు ఎంత మిగిలిందో తెలుస్తుంది. కాబట్టి రెండు మోకాళ్లూ కలిపి నిలబడి ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, చిప్ప నొప్పి ఉంటే చిప్ప కనిపించేలా పైనుంచి ఒకటి. చీటీ మీద "నిలబడి" అని లేకపోతే అక్కడే అడిగి రాయించుకోండి. రిపోర్టులో గ్రేడు సున్నా నుంచి 4 వరకు వేస్తారు. 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు పెట్టిన కొలత అది. గ్రేడు 4 ఉండి పొలం పనికి వెళ్లేవాళ్లున్నారు, గ్రేడు 2తో మంచం దిగలేనివాళ్లూ ఉన్నారు. గ్రేడు చూసి భయపడటం గానీ, దాన్ని బట్టి ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోవడం గానీ తగదు. నలభై అయిదు దాటి, నడిస్తే నొప్పి, పొద్దున బిగుతు అరగంటలోపు అయితే ఎక్స్‌రే లేకుండానే అరుగుదల అని తేల్చొచ్చని బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఎమ్మారై ఇంకా తికమక పెడుతుంది. యాభై దాటిన మోకాల్లో "మెనిస్కస్ చిరిగింది" అని రావడం మామూలే. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో 2008లో వెలువడిన అధ్యయనంలో మెనిస్కస్ చిరిగినవాళ్లలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో ఏ నొప్పీ లేదు. రిపోర్టులో చిరుగు ఉన్నంత మాత్రాన నొప్పి దాని వల్లేనని చెప్పలేం. దాన్ని చూసి హడావిడిగా ఆపరేషన్‌కు పరిగెత్తొద్దు.

వాపు జబ్బు అనుమానముంటే ఈఎస్ఆర్, సీఆర్పీ, ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే రక్తపరీక్షలు చేయిస్తారు. ఏ అనుమానమూ లేకుండా "కీళ్ల ప్యాకేజీ" పేరుతో వేలు పోసి చేయించుకునే పరీక్షల కంటే షుగరు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూసుకోవడం మేలు. మాత్రలు వేసుకోవాలంటే ఆ రెండూ తెలియాలి.

అసలు మందు తొడ కండరం

అరిగిన గుజ్జును తిరిగి పెంచే మందు ఇప్పటికైతే లేదు. కానీ మోకాలి మీద పడే దెబ్బను కాచుకునే కండరాన్ని ఏ వయసులోనైనా పెంచొచ్చు. నొప్పికి భయపడి కదలడం మానేస్తే కండరం కరుగుతుంది, దాంతో నొప్పి ఇంకా పెరుగుతుంది. ఈ వలయాన్ని తెంచేది వ్యాయామమే. అందరూ "చేశామండీ, తగ్గలేదు" అంటారు. ఏం చేశారని అడిగితే మంచం అంచున కూర్చుని కాలు గాల్లో ఊపామంటారు. అది వ్యాయామం లెక్కలోకి రాదు.

మొదట కొలత. గోడకు ఆనించిన గట్టి కుర్చీ, ఎత్తు సుమారు 45 సెం.మీ. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 60 నుంచి 64 ఏళ్ల మగవాళ్లు 14 కంటే, ఆడవాళ్లు 12 కంటే తక్కువ చేస్తే కాళ్ల బలం సగటు కంటే తగ్గిందని అర్థం. ఈ అంకె గోడ క్యాలెండరు మీద రాసుకుని రెండు వారాలకోసారి మళ్లీ చూసుకోండి. నొప్పి తగ్గకముందే ఈ అంకె పెరగడం మొదలవుతుంది.

తువ్వాలు నొక్కడంతో మొదలుపెట్టండి. మంచం మీద కాలు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని మంచానికేసి నొక్కండి. సరిగ్గా చేస్తే చిప్ప పైకి జరుగుతుంది, తొడ మీద చెయ్యి పెడితే రాయిలా తగులుతుంది. అయిదు సెకన్లు పట్టి వదలాలి. పదిసార్లు ఒక విడత, రోజుకు మూడు విడతలు. ఊపిరి బిగబట్టొద్దు, బీపీ ఉన్నవాళ్లు మరీను.

తర్వాత వెల్లకిలా పడుకుని కాలు ఎత్తడం. రెండో మోకాలు మడిచి పాదం మంచం మీద ఆనించాలి, లేకపోతే నడుం పడుతుంది. చాచిన కాలు ఒక అడుగు ఎత్తు లేపి, అయిదు సెకన్లు ఆపి, మెల్లగా దించాలి. పదేసి చొప్పున మూడు విడతలు వారం పాటు తేలిగ్గా చేయగలిగితే బరువు కట్టాల్సిందే. గుడ్డ సంచిలో అర కిలో ఇసుకో బియ్యమో పోసి చీలమండకు కట్టుకోండి. రెండు మూడు వారాలకు అర కిలో చొప్పున రెండు కిలోల దాకా పెంచొచ్చు. బరువు పెంచకుండా నెలల తరబడి అదే చేస్తుంటే మొదటి నెల దగ్గరే ఆగిపోతారు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

అన్నిటికంటే విలువైనది కుర్చీలోంచి లేవడం. పాదాలు భుజాలంత ఎడంగా, బరువు మడమల మీద, మోకాళ్లు లోపలికి వాలకుండా లేవాలి. కూర్చునేటప్పుడు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ దిగాలి, కుదేలుమని కూలబడకూడదు. ఎనిమిది నుంచి పది సార్లు, రెండు మూడు విడతలు. మొదట్లో కష్టమైతే కుర్చీ మీద దుప్పటి మడతలు వేసి ఎత్తు పెంచుకుని, వారానికో మడత తీసేయండి. దీనికి తోడు పక్కకు పడుకుని పైకాలు ఎత్తడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం లేపడం, గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవడం. ఈ మూడూ పదేసి చొప్పున రెండు విడతలు. తువ్వాలు నొక్కడం రోజూ, మిగతావి రోజు విడిచి రోజు. కండరం పెరిగేది విశ్రాంతి రోజున.

నొప్పి వస్తే ఆపాలా? సున్నా నుంచి పది కొలతలో నాలుగు దాకా పర్వాలేదు, మర్నాడు పొద్దుటికి మామూలు స్థితికి వచ్చేయాలి. రాకపోతే మానేయొద్దు, సంఖ్య సగానికి తగ్గించండి. మోకాలు వాస్తే రెండు రోజులు ఆపి తువ్వాలు నొక్కడంతో మళ్లీ మొదలుపెట్టండి. ఫలితం తెలిసేది ఆరు వారాలకు, పూర్తిగా అందేది మూడు నెలలకు. మూడో వారంలో "ఏం తేడా లేదు" అనిపించడం సహజమే, చాలామంది మానేసేదీ సరిగ్గా ఆ వారంలోనే. డెన్మార్క్‌లో 2013లో మొదలైన గ్లాడ్ అనే కార్యక్రమం ఆరు వారాల్లో పన్నెండు సార్లు ఫిజియో ఎదుట చేయించే వ్యాయామాల మీదే నడుస్తోంది. మనకూ వీలైతే మొదటి రెండు వారాలు నాలుగైదు సార్లు ఫిజియో దగ్గర పద్ధతి నేర్చుకుని, తర్వాత ఇంట్లో చేసుకోవచ్చు. ఫిజియో అంటే మెషీన్లు పెట్టి పడుకోబెట్టడమే అయితే డబ్బు దండగ. కరెంటు పెట్టిన గంటసేపు హాయిగా ఉంటుంది, కండరం మాత్రం పెరగదు.

బరువు సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఒంట్లో ఒక కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఎనభై కిలోలున్నవాళ్లు ఎనిమిది కిలోలు తగ్గి, వ్యాయామం కూడా చేస్తే నొప్పి సగానికి సగం తగ్గే అవకాశముంది. రాత్రి అన్నం తగ్గించి పప్పు, గుడ్డు, పెరుగు పెంచండి. ఉపవాసాలతో తగ్గితే కొవ్వుతో పాటు కండరమూ పోతుంది.

నేల, మెట్లు, చేతికర్ర

గొంతుక్కూర్చుంటే చిప్ప మీద పడే ఒత్తిడి మామూలు నడకకు ఎన్నో రెట్లు. కత్తిపీట ముందు కూర్చోవడం, నేల మీద గిన్నెలు తోమడం, ముగ్గు, బట్టలుతకడం, పాతకాలపు మరుగుదొడ్డి. వీటిని ఎత్తుకు మారిస్తేనే కొందరికి సగం నొప్పి పోతుంది. కత్తిపీట బదులు గట్టు మీద చాకు, ముగ్గుకు పీట, దొడ్డికి కమోడు. కొత్తగా కట్టించే వీలు లేకపోతే మధ్యలో రంధ్రం ఉన్న కుర్చీలు మెడికల్ షాపుల్లో దొరుకుతాయి. వరి నాట్లకు వెళ్లేవాళ్లకు ఇవేవీ కుదరవు. వాళ్లు చేయగలిగింది గంటకోసారి గట్టెక్కి కాళ్లు చాపడం, వంగడం నడుం నుంచి కాకుండా తుంటి నుంచి అలవాటు చేసుకోవడం. సక్లంముక్లం జీవితాంతం మానేయాలని కాదు. నొప్పి తగ్గి తొడ బలపడ్డాక పావుగంట కూర్చోగలిగితే కూర్చోవచ్చు.

మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. దిగడమే మోకాలికి కష్టం. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కి మొక్కు తీర్చుకునేవాళ్లు దిగేటప్పుడు బస్సెక్కితే స్వామివారేం అనుకోరు. శ్రీవారి మెట్టు దారి 2,388 మెట్లే గానీ నిటారు ఎక్కువ. అలిపిరి దారిలోని మోకాళ్ల పర్వతం దగ్గర నిజంగానే మోకాళ్ల మీద ఎక్కే ఆచారం ఉంది. అరుగుదల ఉన్నవాళ్లకు అది వద్దు.

చేతికర్ర నొప్పి ఉన్న వైపు కాదు, రెండో వైపు చేతిలో ఉండాలి. నొప్పి కాలుతో పాటు కర్ర ముందుకు పడాలి. నిటారుగా నిలబడి చేయి కిందికి వదిలితే కర్ర పిడి మణికట్టు మడత ఎత్తుకు రావాలి, అప్పుడు మోచేయి కాస్త వంగి ఉంటుంది. కింద రబ్బరు బుడిపె నున్నగా అరిగితే గ్రానైటు, టైల్స్ మీద జారుతుంది, మార్చేయాలి. నీక్యాప్ పనిచేసేటప్పుడు వేసుకుంటే ధైర్యంగా ఉంటుంది, రాత్రి తీసేయాలి.

కాపడం బిగుతుకు, ఐసు వాపుకు. రెండూ గుడ్డ చుట్టి పావుగంట. షుగరుతో పాదాల స్పర్శ తగ్గినవాళ్లు కాపడం వేడిని ముందు మోచేతితో చూసుకోవాలి. జిల్లేడాకు కాపడం పెట్టుకునేవాళ్లు ఆకు పాలు చర్మానికి అంటకుండా చూసుకోండి, బొబ్బలెక్కుతాయి.

పూత మందు, మాత్ర

మొదటి మందు పూతే. డైక్లోఫినాక్ జెల్ పనిచేయలేదనేవాళ్లలో ఎక్కువమంది శనగగింజంత రాసుకునేవాళ్లే. ఒక్కో మోకాలికి ఒక్కసారికి 2 నుంచి 4 గ్రాములు కావాలి. చూపుడువేలి చివర నుంచి మొదటి గీత దాకా ట్యూబు నుంచి తీసిన వరస అర గ్రాము. అంటే కనీసం నాలుగు వరసలు, రోజుకు మూడు సార్లు. ఇలా రాస్తే 30 గ్రాముల ట్యూబు ఒక మోకాలికి అయిదు రోజులే వస్తుంది. రెండు వారాలు ఈ లెక్కన రాసి చూసి తర్వాత తీర్పు చెప్పండి. దాని మీద కాపడం పెట్టొద్దు, కట్టు కట్టొద్దు.

మాత్ర అవసరమైతే తక్కువ మోతాదు, తక్కువ రోజులు, తిన్నాక. ఎసిక్లోఫినాక్, డైక్లోఫినాక్, ఎటోరికాక్సిబ్, నాప్రోక్సెన్ అన్నీ ఒకే కుటుంబం. డాక్టరు రాసిన ఒకటి, షాపువాడిచ్చిన ఇంకొకటి కలిపి మింగితే కడుపులో పుండుకు దారి వేసినట్టే. ఇంకో ప్రమాదం చాలామందికి తెలియదు. బీపీకి టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి, దానితో పాటు మూత్రం ఎక్కువగా పోయించే మాత్ర, పైన నొప్పి మాత్ర. ఈ మూడూ కలిస్తే కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతినొచ్చు. మొదటి రెండూ ఒకే బీపీ మాత్రలో కలిసి కూడా వస్తాయి కాబట్టి అట్ట మీద పేర్లు చదవండి. ఎండాకాలం పొలంలో చెమట కారుతూ నీళ్లు చాలనప్పుడు ఇది ఇంకా ముప్పు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలాంటి కిడ్నీ జబ్బు ప్రాంతాలవారు క్రియాటినిన్ చూపించుకోకుండా ఒక్క మాత్ర కూడా వేసుకోవద్దు.

లేబుల్ లేని పొడి, నల్ల గుళిక రెండు రోజుల్లో నొప్పిని మాయం చేసి, ఆకలి పెంచి, నెలలో మొహం గుండ్రంగా చేస్తే అందులో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. షుగరు, బీపీ పెరగడం, ఎముకలు గుల్లబారడం ఆ తర్వాతి వంతు. అలాంటిది నెలల తరబడి వాడి ఉంటే ఒక్కసారిగా మానేయడమూ ప్రమాదమే. ఆ పొట్లంతోనే డాక్టరు దగ్గరికి వెళ్లి మెల్లగా తగ్గించుకోవాలి. గ్లూకోసమైన్ బిళ్లల వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కోవచ్చు.

ఇంజెక్షన్లు, కెమెరా ఆపరేషన్

కీల్లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది. వాపుతో వ్యాయామమే మొదలుపెట్టలేని మోకాలికి ఆ కొన్ని వారాలు పనికొస్తాయి. ఇంజెక్షన్ చేయించుకుని ఊరికే కూర్చుంటే నొప్పి వెనక్కొస్తుంది. షుగరున్నవాళ్లకు కొన్ని రోజులపాటు అంకెలు ఎగబాకుతాయి, రోజూ చూసుకోవాలి. మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు చేసి చూసిన 2017 నాటి అమెరికా పరీక్షలో నొప్పిలో తేడా లేకపోగా గుజ్జు ఇంకా తరిగింది. అదే పనిగా చేయించుకునేది కాదది.

"గుజ్జు ఇంజెక్షన్" పేరుతో ఇచ్చే హయాలురోనిక్ యాసిడ్ గుజ్జును పెంచదు. మీ రక్తమే తీసి తిప్పి ఎక్కించే పీఆర్పీకి బాగా గిరాకీ ఉంది. ఆస్ట్రేలియాలో 288 మంది మీద చేసి 2021లో వెలువరించిన పరీక్షలో మాత్రం ఏడాది తర్వాత అది ఉప్పునీటి ఇంజెక్షన్ కంటే మెరుగ్గా ఏమీ లేదు. ఒక్కోటి వేలల్లో ఉంటుంది కాబట్టి ఈ సంగతి తెలిసి ఒప్పుకోండి. స్టెమ్ సెల్స్ పేరుతో లక్షలు అడిగితే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అరుగుదలకు కెమెరా పెట్టి "శుభ్రం చేయడం" వల్ల లాభం లేదని అమెరికాలో 2002లోనే తేలింది. కోత మాత్రమే పెట్టి లోపల ఏమీ చేయనివాళ్లకూ అంతే ఉపశమనం దొరికింది. వయసుతో చిరిగిన మెనిస్కస్‌ను కత్తిరించడం మీద ఫిన్లాండ్‌లో 2013లో వెలువడిన పరీక్షా ఇదే చెప్పింది. మోకాలు నిజంగా పట్టేసేవాళ్లకు, దెబ్బ తగిలి మెనిస్కస్ చిరిగిన కుర్రవాళ్లకు, లిగమెంటు తెగినవాళ్లకు సంగతి వేరు.

కీలు మార్పిడి

ఆపరేషన్‌కు వేళయిందని చెప్పేది ఎక్స్‌రే కాదు. మూడు నెలలు వ్యాయామం సరిగ్గా చేసినా రాత్రి నిద్ర పట్టకపోవడం, బజారుదాకా కూడా నడవలేకపోవడం, కాలు రోజురోజుకీ వంకరపోవడం. ఇవి ఉండి, ఎక్స్‌రేలోనూ ఎముకకు ఎముక తగులుతుంటే అప్పుడు అనుకోవాలి. డెన్మార్క్‌లో 2015లో వెలువడిన పరీక్షలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు నొప్పి ఎక్కువ తగ్గింది, తీవ్రమైన ఇబ్బందులూ వాళ్లకే ఎక్కువ వచ్చాయి. వ్యాయామాల జట్టులో నాలుగింట మూడు వంతుల మందికి ఏడాదిలో ఆపరేషన్ అవసరమే రాలేదు. మార్చిన కీళ్లలో 80 శాతం పైచిలుకు పాతికేళ్లు నిలుస్తున్నాయి. అలాగని అందరూ సంతోషంగా లేరు, నూటికి పది నుంచి ఇరవై మందికి ఏదో నొప్పి మిగులుతోంది. లోపలి సగమే అరిగితే సగం మార్పిడి, వయసు తక్కువై కాలు దొడ్డిగా ఉంటే ఎముకను సరిచేసే ఆపరేషన్ కుదురుతాయేమో అడగండి. రోబో సాయంతో ఆపరేషన్ చేస్తే ఎముక కోతలు కచ్చితంగా పడతాయి, దాంతో నొప్పి తక్కువవుతుందా అన్నది ఇంకా తేలలేదు. దాని కోసమే అదనంగా లక్ష పోయాలా అన్నది మీ ఇష్టం.

ఖర్చు విషయంలో ఒక సంగతి. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల (లోపల పెట్టే కృత్రిమ కీళ్ల) గరిష్ఠ ధర కట్టడి చేసింది. ఎక్కువమందికి వేసే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పుడు నిర్ణయించింది 54,720 రూపాయలు, జీఎస్టీ అదనం. ధర తర్వాత సవరించారు కాబట్టి, ప్యాకేజీలో ఇంప్లాంటు ధర విడిగా రాసివ్వమని అడిగి, పెట్టిన దాని స్టిక్కరు డిశ్చార్జి కాగితాలకు అతికించుకోండి. పదేళ్ల తర్వాత మళ్లీ ఆపరేషన్ అవసరమైతే ఆ స్టిక్కరే ఆధారం. హైదరాబాద్ నిమ్స్, విశాఖ కేజీహెచ్, తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ లాంటి చోట్ల కూడా విచారించండి. ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ) వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆ పథకం కౌంటర్లో ముందే తెలుసుకోండి.

ఆపరేషన్‌కు ముందు పళ్లలో చీము, పాదాల పగుళ్లలో పుండ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే తగ్గించుకోవాలి. షుగరు అదుపులోకి రావాలి. ఇంట్లో కమోడు, మోకాలి ఎత్తు మంచం సిద్ధం చేసుకుని, జారే పట్టాలు తీసేయాలి. తొడ వ్యాయామాలు ఆపకూడదు, బలంగా వెళ్లిన కాలే తొందరగా కోలుకుంటుంది. తర్వాత నేల మీద కూర్చోవడం చాలామందికి కుదరదు, ఆ మాట ముందే ఇంట్లో చెప్పుకోవాలి.

ఆపరేషన్ అయిన రోజో మర్నాడో వాకరుతో నిలబెడతారు. రెండు వారాలకు మోకాలు 90 డిగ్రీలు వంగాలి, అంతకంటే ముఖ్యంగా పూర్తిగా చాచగలగాలి. హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకుంటే కాలు కాస్త వంగిన చోటే బిగుసుకుపోతుంది, తర్వాత నడక కుంటిగా మిగులుతుంది. దిండు పెట్టాల్సింది మడమ కింద, మోకాలు గాల్లో తేలేలా, పది నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదు సార్లు.